జేబు గురించి ఐదు ప్రశ్నలు, నడుము గురించి సున్నా

పోయినేడు మిరప కోతలప్పుడు ఒక పొద్దున నేను మంచం మీద నుంచి లేవలేకపోయా. వయసులో ఉన్నప్పుడు టిక్కీలు లారీకెత్తిన నడుము, పదహారు లీటర్ల స్ప్రేయర్ మోస్తా పత్తిచేలో మందు కొట్టిన నడుము. నలభై దాటాక పాత బాకీ వసూలుకొచ్చింది. పడుకునే ఫోన్ తీసి ‘నడుము నొప్పి’ అని వెతికా. అంతే, సాయంత్రానికల్లా ఫోన్ నిండా నడుములే. కండలు తిరిగిన కుర్రోడొకడు ‘మందుల్లేవు, ఆపరేషన్ లేదు, 21 రోజుల్లో నొప్పి మాయం’ అంటున్నాడు. నంబరిస్తే పావుగంటలో ఫోనొచ్చింది.

మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఏం పని చేస్తారు సార్? నెలకెంత వస్తది? ఇంట్లో డబ్బు లెక్క మీరే చూస్తారా? ఫోన్‌పే ఉందా? సగం ధరకు ఇస్తాం, ఈరోజే కడతారా? ఐదు ప్రశ్నలూ జేబు గురించే. నొప్పి కాల్లోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా, ఎప్పుడైనా కిందపడ్డారా అని ఒక్క ముక్క అడగలా. నేనూ ఆశకొద్దీ కట్టా. ఒక పీడీఎఫ్, కొన్ని వీడియోలు వచ్చాయి. మూడో రోజు వీడియోలో వంగి బరువెత్తమన్నాడు, ఎత్తా. తొడ దాకా ఉన్న నొప్పి పిక్కలోకి దిగింది. డబ్బు వెనక్కియ్యమంటే ఫోను తీయలా.

ఆ డబ్బు మీద ఏడుపుతో ఇది రాయట్లా. దాచేపల్లి నుంచి నరసరావుపేట దాకా ఏ ఇంట్లో చూసినా ఒక నడుము నొప్పి మనిషి ఉంటారు. మిరపకాయ కోసే అమ్మలు, ముఠా కూలీలు, సున్నపు బట్టీల వాళ్లు, సిమెంటు బస్తాలు మోసేవాళ్లు. ఫోను ఉండేది మాత్రం మీ చేతుల్లో. అమ్మ నొప్పి చూడలేక డబ్బు కట్టేది మీరే. అందుకే ఈ అమ్మకం ఎట్టా నడుస్తదో మీకు తెలియాల.

ముందొక మాట. వ్యాయామం మోసం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. మనుషుల్ని పనికి దూరం చేసే జబ్బుల్లో ఇదే మొదటిది. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒంటికి తగిన వ్యాయామం చేయించండి, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేట్టు చెప్పండి అంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దంది. అంటే ప్రకటనలో సగం నిజమే. ఆ సగం నిజమే మిగతా సగం అబద్ధాన్ని మోస్తది.

ఆ అబద్ధం మూడు చోట్ల ఉంటది.

ఒకటి, ‘మాయం’ అనే మాట. కొత్తగా పట్టుకున్న నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుద్ది. మూడు వారాల కోర్సు అమ్మితే ఆ తగ్గిన పేరంతా కోర్సుకే వస్తది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వీడియో పెట్టుకుంది. తగ్గినోళ్లు కెమెరా ముందు మాట్లాడతారు, తగ్గనోళ్లు ఇంట్లో మూలుగుతారు. మీకు కనిపించేది మొదటోళ్లే.

రెండోది, స్కానింగు భయం. ‘మీ డిస్కు ఉబ్బింది, ఇప్పుడు చేరకపోతే మంచాన పడతారు’ అంటారు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులు కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బి ఉంది, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 మందికి. తల నెరిసినట్టే డిస్కూ మారుద్ది. బొమ్మ చూసి బెదరొద్దు, బొమ్మతో బెదిరించేవాణ్ణి నమ్మొద్దు.

మూడోది, ‘మీ కోసమే తయారుచేసిన ప్లాన్’. మనిషిని చూడకుండా, వంగమని చెప్పకుండా, కాలెత్తించకుండా ఎవరి కోసం తయారైద్ది? నాకొచ్చిన పీడీఎఫ్, మా ఊరి ఆటో తమ్ముడికొచ్చిన పీడీఎఫ్ ఒకటే.

దీనికి చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రకటనలో నటించినోళ్లకీ ఇది వర్తిస్తది. ఫోన్లలో ఆరోగ్య సలహాలు చెప్పేవాళ్లకు 2023 ఆగస్టులో కేంద్రం ఇంకో నిబంధన పెట్టింది. సర్టిఫికెట్ ఉన్న నిపుణులైతే ఆ సంగతి చెప్పాల. నిపుణుల్లాగా మాట్లాడే మిగతావాళ్లు తమ మాట డాక్టర్ సలహాకు బదులు కాదని స్పష్టంగా చెప్పాల. ఫిర్యాదుకు నంబరు 1915. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు దాచుకోండి. నేను దాచుకోలా, అందుకే చెప్తున్నా.

జిమ్ పెట్టుకున్న తమ్ముళ్లకూ ఒక మాట. మీ బతుకు మీద నాకు కోపం లేదు. అప్పు తెచ్చి ఇనుము కొన్నారు, మనుషులు రావాల. నడుము నొప్పి వాళ్లకూ నేర్పొచ్చు, కానీ అమ్మే ముందు అడగండి. నొప్పి కాల్లోకి దిగుతోందా, కాలు బలం తగ్గుతోందా, పడ్డారా, జ్వరముందా, తినకుండానే బరువు తగ్గారా? ఒక్కదానికి అవునన్నా డబ్బు తీసుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. బోర్డు మీద ‘నొప్పి మాయం’ తీసేసి ‘మెల్లగా బలం పెంచుతాం’ అని రాయండి. పల్లెటూళ్లో పేరు నోటి మాట మీద నిలబడుద్ది. ఒక అమ్మ నడుము చెడగొడితే ఆ సంగతి ఊరంతా పాకుద్ది.

ఇంట్లో వాళ్లకు ఎవరికైనా మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు ఈడుస్తా నడుస్తున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి. రేపనొద్దు. అవేవీ లేకపోతే భయపడి మంచాన పడి ఉండొద్దు. ఓపికున్నంత మెల్లగా నడవడం మేలు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంది. నేను చివరికి ఫిజియో దగ్గరికే పోయా. ఆయన ముందు పావుగంట ప్రశ్నలే అడిగాడు. తర్వాత మూడంటే మూడు వ్యాయామాలు నేర్పాడు.

ఏ ప్రకటనా చెప్పని సంగతి ఇంకొకటుంది. మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన యూరియా బస్తా 45 కిలోలు, ఆ లెక్క లోపలే ఉంది. కానీ బస్తాకింత అని కూలి కట్టినప్పుడు ఎన్ని ఎత్తితే అంత బువ్వ, ఇక ఆగేదెక్కడ? పొద్దున్నుంచి వంగి కోసే అమ్మకు గంటకోసారి నడుము నిలబెట్టుకునే తీరిక ఎవరిస్తారు? ఇది 21 రోజుల కోర్సుతో తీరేది కాదు. కూలి రేటు మాట్లాడేటప్పుడు నడుము సంగతీ మాట్లాడాల.

ఈ రాత్రి అమ్మ నడుం పట్టుకొని కూర్చుంటే ఫోన్ పక్కన పెట్టండి. ‘నొప్పి ఎక్కడిదాకా దిగుతోందమ్మా?’ అని అడగండి. నాకు ఫోను చేసినోళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.