పట్టికకెక్కని బడి: ఓరుగల్లు సీమ విద్యాపరంపర

ఒక సీమయందలి పాఠశాలల ఘనతను వర్ణించువారు సాధారణముగా ప్రవేశపట్టికలను పరిశీలించి, అందలి ప్రసిద్ధుల పేర్లను ఏరి చూపుదురు. 2016 అక్టోబరు 11న ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లా భాగములతో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల విషయమున ఈ పద్ధతి చాలదు. ఇచ్చటి పండితుల చదువులో ముఖ్యభాగము పట్టికకెక్కని బడిలో జరిగినది.

జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని పేరుతోను, బమ్మెర పోతన పేరుతోను ముడివడిన గ్రామములు. పోతనను లోకము సహజపండితుడనును. కాని సంస్కృత భాగవతమును తెలుగు చేయుటకు వ్యాకరణ, పురాణ, వేదాంత పరిచయము అవశ్యకము. సహజము అనిన మాత్రమున శిక్షణ లేదని అర్థము కాదు. శిక్షణ ఇచ్చినవారి పేరు నిలువలేదని మాత్రమే అర్థము.

నిజాము కాలమున ప్రభుత్వోన్నత విద్యకు ఉర్దూయే మాధ్యమము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును అట్లే. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో సురవరము ప్రతాపరెడ్డి ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనబడిరి. సర్కారు బడి తెలుగును ఆదరింపని కాలమున ఇంతమంది వెలువడిరనిన, ఇంటి అరుగులమీదను, గురువుల సన్నిధిని జరిగిన చదువే అందులకు ముఖ్యకారణమని ఊహింపవచ్చును.

ఈ రెండు బడుల సంగమమునకు మానుకోట సీమయందలి చినగూడూరు మంచి నిదర్శనము. నేడు మహబూబాబాదు జిల్లాలోనున్న ఈ గ్రామమున, పండిత వైష్ణవ కుటుంబమున, 1925లో దాశరథి కృష్ణమాచార్యులు, 1928లో ఆయన తమ్ముడు రంగాచార్యులు జన్మించిరి. అన్నగారికి సంస్కృతము కుటుంబ సంపద. మెట్రిక్యులేషను మాత్రము ఉర్దూలో. పిమ్మట ఉస్మానియాలో ఆంగ్లసాహిత్యముతో బి.ఏ. నిజాము పాలనను ధిక్కరించి చెరసాల కేగిన ఆ కవియే, 1949లో 'అగ్నిధార'ను వెలువరించి, అనంతరము 'గాలిబ్ గీతాలు' పేర ఉర్దూ కవితను తెలుగు చేసెను. పాలకుని ద్వేషించినను పాలకుని భాషను ద్వేషింపలేదు. తమ్ముడు 'చిల్లర దేవుళ్లు' నవలలో జాగీరు పల్లెల దైన్యమును చిత్రించెను. నాలుగు వేదములను తెలుగు వచనమున అందించెను. గాలిబు అనువాదము సర్కారు బడి ఋణమును, వేదానువాదము ఇంటి బడి ఋణమును తీర్చినవి.

అయినను ఇంటి బడిని అతిగా కీర్తించుట న్యాయము కాదు. దాని ద్వారము కొన్ని కుటుంబములకే తెరువబడినది. అందరి పిల్లలకును అక్షరము అందవలెనన్నచో సర్వజన పాఠశాలయే శరణ్యము. భూపాలపల్లి జిల్లాకు ఆచార్య కొత్తపల్లి జయశంకరు పేరు పెట్టుట ఈ సందర్భమున గమనింపదగినది. 1934లో అక్కంపేటలో జన్మించి, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడైన ఆయన వృత్తిచే అధ్యాపకుడు.

కావున ప్రాచ్యకళాశాలలు ఈ సీమ విద్వాంసుల చరిత్రను సంతరించునపుడు పట్టభద్రత్వముతోపాటు తొలి గురువు, ఇంట నేర్చిన గ్రంథములు, బోధనాక్రమము కూడ లిఖింపవలెను. ప్రవేశపట్టిక నశించినను ప్రతి యుండవచ్చును. వృద్ధుల జ్ఞాపకమునకు మాత్రము ప్రతి లేదు.