చక్రాల కుర్చీకి ఖరీదు టికెట్టేనా?

మా అత్తయ్యకు కచేరీలంటే ప్రాణం. ఆమెది వీల్‌చెయిర్. మొన్న టికెట్లకు వెళితే 300 రూపాయల సీట్లన్నీ బాల్కనీలోనే, లిఫ్టు లేదు. "వీల్‌చెయిర్ అయితే ముందు వరసేనండీ, 1500" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. తోడెళ్లే నాకూ అంతే! మెట్లెక్కలేనందుకు ఇద్దరికీ కలిపి 2400 ఎక్కువన్నమాట. "పైకి మా కుర్రాళ్లు ఎత్తుకెళ్తారు లెండి" అని ఓ ఉచిత సలహా కూడా. చీర కట్టుకున్న పెద్దావిడను నలుగురు మోసుకెళుతుంటే ఆమెకెలా ఉంటుందో ఆలోచించరేం?

అమెరికాలో 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు ఇందుకు ఒప్పుకోవు. చవక సీట్ల దగ్గరికి కుర్చీ వెళ్లకపోతే, వెళ్లగలిగే చోట అదే ధరకు కొన్ని సీట్లివ్వాలి.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం వినోదాన్నీ హక్కుల్లో చేర్చింది. టికెట్ ధర ఊసు మాత్రం లేదు. భవనాల్లో అందుబాటు ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ నియమాలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

టికెట్ కొనేముందు ఫోన్ చేసి అడగండి: ర్యాంపు ఉందా? బాత్‌రూమ్ గుమ్మంలో కుర్చీ పడుతుందా? తోడు సీటు పక్కనేనా? నిర్వాహకులు పట్టించుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయొచ్చు. మేం రాశాం.