మార్కుల ఒడిదుడుకులు - న్యాయవిద్యకు దారి

పదవ తరగతిలో ప్రథమ శ్రేణి, ఇంటర్మీడియట్‌లో తృతీయ శ్రేణి, డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయి మరుసటి ఏడు పూర్తి కావటం - ఇటువంటి చరిత్ర గల విద్యార్థినీ విద్యార్థులు మన కళాశాలలో తక్కువ లేరు. ఉర్దూలోనో తెలుగులోనో పాఠశాల చదువు ముగించి ఇంగ్లీషు పాఠాల మధ్యకు వచ్చినవారికి, పగలు తరగతికీ సాయంత్రం దుకాణానికీ వెళ్ళేవారికి మార్కులు ఒకే తీరుగా నిలవవు. వీరిలో పలువురికి న్యాయశాస్త్రం చదవాలనే కోరిక ఉన్నది. అయితే దరఖాస్తు పంపకముందే, "మాకెవరు సీటిస్తారు?" అని వెనుకకు తగ్గుతున్నారు. ఈ భయంలో నిజమెంతో, అపోహ ఎంతో విడదీసి చెప్పటమే మా ఉద్దేశం.

భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమావళి ప్రవేశానికి కనీస మార్కులను విధించింది. తెలంగాణ లాసెట్‌లో ఇవి సాధారణ వర్గానికి నూటికి 45, వెనుకబడిన తరగతులకు 42, షెడ్యూల్డు కులాలకూ తెగలకూ 40. ముస్లింలలో వెనుకబడిన వర్గాలను 2007లో బి.సి.-ఇ జాబితాలో చేర్చిన సంగతి మనకు తెలిసినదే. 43 శాతంతో ఆశ వదులుకున్న విద్యార్థి ఆ జాబితాలోనివాడైతే, అతనికి కావలసినది మార్కులు కాదు, కుల ధృవపత్రం.

ఈ కనీస మార్కులు పోటీలో నిలబడే అర్హతను మాత్రమే ఇస్తాయి. సీటును నిర్ణయించేది ప్రవేశ పరీక్షలోని ర్యాంకు. గడప దాటిన తరువాత 46 శాతం వచ్చినవారూ 80 శాతం వచ్చినవారూ ఒకే వరుసలో నిలబడతారు. ఎన్నవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారన్నది ర్యాంకును తాకదు.

ఆ పరీక్షలో 90 నిమిషాలలో 120 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. సామాన్య జ్ఞానం, మానసిక సామర్థ్యం 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయవిద్యాభిరుచి 60. తప్పు సమాధానానికి మార్కు తగ్గించరు. అర్హత పొందటానికి 42 మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఈ కనీసం లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులో గాని ఉర్దూలో గాని ఉంటుంది. భాష కారణంగా వెనుకబడినవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఒడిదుడుకుల చరిత్ర గలవారు ముఖ్యంగా గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. అయిదేళ్ళ కోర్సుకు ఇంటర్మీడియట్ మార్కులు చూస్తారు, మూడేళ్ళ ఎల్.ఎల్.బి.కి డిగ్రీ మార్కులు చూస్తారు. ఇంటర్మీడియట్‌లో జారినవారు డిగ్రీలో నిలదొక్కుకుంటే మూడేళ్ళ కోర్సు వారికి తెరచిన వాకిలి. కనుక డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు తమ మొత్తం శాతాన్ని ఇప్పుడే లెక్క వేసుకోవాలి. అది 45కు రెండు మూడు తక్కువగా ఉంటే, విశ్వవిద్యాలయ నియమాలు అనుమతించిన మేరకు మార్కులు మెరుగుపరచుకునే పరీక్షలు వ్రాయాలి. పట్టా చేతికి వచ్చిన పిదప చింతించి ఫలం లేదు.

తక్కువ మార్కుల కంటె పెద్ద అడ్డంకి మెట్టు తప్పిన చదువు. ఇంటర్మీడియట్ లేకుండా కేవలం అర్హతా పరీక్ష ద్వారా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి డిగ్రీ పొందినవారు నియమావళి ప్రకారం న్యాయవిద్యకు అర్హులు కారు. పదవ తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ వరుసగా ముగించినవారికి మాత్రం దూరవిద్య అడ్డు కాదు. ఈ తేడా తెలియక సంవత్సరాలు వెచ్చించి చివరకు నిరాశపడటం ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు.

చదువు నడుమ ఆగిపోయినవారు ఆ కాలాన్ని దాచవలసిన పని లేదు. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. పాఠశాలకు గాని కళాశాలకు గాని వెళ్ళని సంవత్సరాలకు నివాస ధృవపత్రం జతచేస్తే సరిపోతుంది. తప్పుడు పత్రం పెట్టటం మాత్రం సీటునే కాదు, రేపటి న్యాయవాది పేరును కూడా పోగొడుతుంది.

మోహన్‌దాస్ గాంధీ 1887లో మెట్రిక్యులేషన్ గట్టెక్కినప్పుడు ఆయన మార్కులు నూటికి 40 కూడా నిండలేదు. భావనగర్ కళాశాలను ఒక్క టర్ముతోనే విడిచారు. లండన్ మెట్రిక్యులేషన్‌లో మొదటిసారి లాటిన్‌లో తప్పి, 1890లో మళ్ళీ వ్రాసి ఉత్తీర్ణులయ్యారు. 1891 జూన్ 10న బారిస్టరయ్యారు. తప్పిన ఆ లాటిన్‌నే పట్టుదలతో నేర్చి రోమన్ న్యాయశాస్త్రాన్ని మూలంలో చదివారు. రోమన్-డచ్ న్యాయం అమలులో ఉన్న దక్షిణాఫ్రికాలో ఆ చదువు ఆయనకు అక్కరకు వచ్చింది.

మనం గ్రహించవలసినది ఇదే. పాత మార్కులు ప్రవేశానికి అడ్డు రాకపోవచ్చు గాని, ఆ మార్కులను తగ్గించిన లోపం మనతోనే తరగతిలోకి వస్తుంది. న్యాయవిద్య అంటే చట్టాలు, తీర్పులు పుటల కొద్దీ చదవటం. ఉన్నత న్యాయస్థానాల తీర్పుల భాష ఇంగ్లీషు. ఎల్.ఎల్.బి. తరువాత కూడా, 2010లో ఏర్పరచిన అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణత కావాలి. కనుక ఇంగ్లీషు దినపత్రికలో ఒక సంపాదకీయాన్ని రోజూ చదివి, దాని సారాంశాన్ని నాలుగు వాక్యాలలో వ్రాయటం నేటినుండే అలవరచుకోవాలి. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల భాగాన్ని మాతృభాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదవాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. డిగ్రీ చివరి సంవత్సరం ఆరంభంలోనే, న్యాయవిద్య కోరే విద్యార్థుల మార్కుల పత్రాలను, ధృవపత్రాలను ఒక అధ్యాపకుని చేత పరిశీలింపజేయండి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక మధ్యాహ్నం చాలు. ఆ పరిశీలన లేనందువల్ల దరఖాస్తు పెట్టకుండానే ఆగిపోయేవారు ఇకమీదట మన కళాశాలలో ఉండరాదు.