మేలు చేసింది కొమ్మా? నమ్మకమా?

మన గోళ్లు, జుట్టు ఏ పదార్థంతో తయారవుతాయో తెలుసా? కెరటిన్ అనే ప్రొటీనుతో. గేదె గిట్టల్లో ఉండేదీ అదే. ఖడ్గమృగం ముక్కు మీది కొమ్ము కూడా ముఖ్యంగా ఈ కెరటినే. ఎద్దు కొమ్ముకు ఉన్నట్లు దీనికి లోపల ఎముక ఉండదు.

ఈ కొమ్మును అరగదీసి నీళ్లలో కలిపి తాగితే జ్వరం తగ్గుతుందని చైనా, వియత్నాం దేశాల్లో ఎంతో కాలంగా నమ్మకం. ఆ నమ్మకమే ఖడ్గమృగం ప్రాణం మీదికి తెచ్చింది. 2010లో వియత్నాంలోని కాట్ తియెన్ అడవిలో ఆ దేశపు చివరి ఖడ్గమృగం చచ్చి పడి ఉంది. కాలిలో తూటా ఉంది, కొమ్ము లేదు. ప్రపంచంలో ఐదు జాతులూ కలిపి నేడు మిగిలినవి సుమారు 27 వేలు మాత్రమే.

ఇంతకూ కొమ్ములో మందు ఉందా? 1990లో హాంకాంగ్ పరిశోధకులు దాని సారాన్ని చాలా పెద్ద మోతాదులో ఎలుకలకు ఇచ్చి చూశారు. జ్వరం కొంత తగ్గింది. అయితే గేదె కొమ్ము, ఆవు కొమ్ము కూడా అదే పని చేశాయి! చైనా 1993లోనే ఖడ్గమృగం కొమ్ము వ్యాపారాన్ని నిషేధించింది. అయినా దొంగ వ్యాపారం ఆగలేదు.

"మరి తాగినవాళ్లు నయమైందంటున్నారే, అది అబద్ధమా?" అని మీరు అడగవచ్చు. అబద్ధం కానక్కరలేదు. చాలా జ్వరాలు కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం చివర తాగిన మందుకు వస్తుంది. ఇది మొదటి కారణం. రెండవది నమ్మకం. ఉత్తుత్తి మాత్రను మందని చెప్పి ఇచ్చినా కొందరికి బాధ తగ్గుతుంది. దీనిని 'ప్లాసిబో ప్రభావం' అంటారు.

ఇది వట్టి భ్రమ కాదు. 1978లో అమెరికాలో జ్ఞానదంతాలు తీయించుకున్న వారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. తరువాత నాలోక్సోన్ అనే మందు ఇవ్వగానే వారికి నొప్పి మళ్లీ పెరిగింది. మన శరీరంలో పుట్టే నొప్పి నివారకాలైన ఎండార్ఫిన్లను నాలోక్సోన్ అడ్డుకుంటుంది. అంటే వారి నొప్పిని తగ్గించింది వారి శరీరమే!

ఈ ప్రభావం అందరిలో ఒకేలా ఎందుకు ఉండదు? ఇందులో జన్యువులకూ పాత్ర ఉండవచ్చు. మెదడులోని డోపమైన్‌ను విడగొట్టే ఎంజైమ్ ఒకటి ఉంది. దానిని తయారుచేసే జన్యువు పేరు సి.ఓ.ఎం.టి. ఇందులో ఒక్క అక్షరం మారితే ఎంజైమ్ నెమ్మదిగా పనిచేస్తుంది, డోపమైన్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2012లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు ప్రేగు జబ్బు రోగులకు, చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులతో చికిత్స చేసి చూశారు. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా నెమ్మది రకం జన్యువే వచ్చినవారికి, వైద్యుడు ఆదరంగా మాట్లాడినప్పుడు, ఎక్కువ ఉపశమనం కలిగింది. అయితే ఒక్క జన్యువుతోనే అంతా తేలిపోదు. ఈ పరిశోధన ఇంకా సాగుతోంది.

ఒక్క హెచ్చరిక! నమ్మకం నొప్పిని, వికారాన్ని తగ్గించవచ్చు కాని రోగక్రిములను చంపలేదు, క్యాన్సర్ గడ్డను కరిగించలేదు. కొమ్మును నమ్ముకుని అసలు వైద్యం మానుకుంటే మృగంతోపాటు మనిషి ప్రాణానికీ ముప్పే.

మన దేశంలో ఖడ్గమృగాలు ఎక్కువగా ఉన్నది అస్సాంలో. 2021 సెప్టెంబరు 22న అక్కడి ప్రభుత్వం ఖజానాలో దాచిన 2,479 కొమ్ములను బహిరంగంగా తగలబెట్టింది. అవి మందులు కావని లోకానికి చాటడానికే ఆ మంట. కొమ్ము తాగినవారికి కలిగిన ఉపశమనం వారి శరీరంలో పుట్టినదే. దానికోసం ఒక మృగాన్ని చంపనక్కరలేదు.