దూరాన్నే ఉండి దగ్గరగా చూసే కటకం

ఉప్పలపాడు చెరువుగట్టు మీద నిలబడి, ఇంట్లోవాళ్ళ ఫోనుతో కొంగను ఎప్పుడైనా ఫొటో తీశారా? తీసి ఉంటే మీకు నిరాశే మిగిలి ఉంటుంది. కంటికి ముక్కుతో సహా నిండుగా కనిపించిన పక్షి, ఫొటోలో బియ్యపుగింజంత తెల్లటి మచ్చగా మారిపోతుంది. తప్పు మీది కాదు, ఫోనుదీ కాదు. అది కటకాల లెక్క.

గుంటూరుకు కొద్ది దూరంలో ఉన్న ఆ ఊరి చెరువులో, చెట్ల మీద, ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులు గుంపులుగా గూళ్ళు కడతాయి. గూడబాతులంటే మరేమీ కాదు, పెలికాన్లు. గత శీతకాలంలో ఒక ఆదివారం అంగలకుదురు నుంచి కొందరు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను. గట్టు మీద ఒకాయన మూడుకాళ్ళ స్టాండుకు కెమేరా బిగించి కూర్చుని ఉన్నాడు. కెమేరా కన్నా దాని ముందున్న తెల్లటి గొట్టమే పెద్దది. "మాస్టారూ, అది టెలిస్కోపా?" అన్నాడు మావాడొకడు. కాదు, టెలిఫొటో జూమ్ కటకం. ఆయన పిల్లలను పిలిచి, కెమేరా వెనుక తెర మీద తాను తీసిన ఫొటో చూపించాడు. కొంగ ముక్కు చివర నీటిబొట్టు కూడా కనిపిస్తోంది!

అంతలో ఇంకొకాయన, పక్షులు ఎగురుతుంటే ఫోనులో బాగా వస్తాయని కాబోలు, మట్టిబెడ్డ తీసి విసిరాడు. గుంపంతా ఒక్కసారి లేచింది. రెండు మూడు నిమిషాల్లో తిరిగి వచ్చాయి గాని, ఈలోగా ఒక కాకి గూటి అంచున వాలనే వాలింది. గుడ్డును ఎత్తుకుపోయిందో లేదో మాకు కనిపించలేదు.

ఇద్దరికీ కావలసింది ఫొటోయే. ఒకాయన కదలకుండా తీశాడు, మరొకాయన పక్షులను లేపి తీశాడు. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

దూరంగా ఉన్న వస్తువుకు కటకం ఏర్పరచే ప్రతిబింబం ఎంత ఉంటుందో తెలుసుకోవడం సులువు. వస్తువు ఎత్తును కటక నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించండి. ఎర్రకాళ్ళ కొంగ ఎత్తు సుమారు 1 మీటరు. అది 50 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఫోనులోని ప్రధాన కటకం నాభ్యంతరం సుమారు 6 మి.మీ. కనుక ప్రతిబింబం ఎత్తు 0.12 మి.మీ. కాంతిని గ్రహించే పలక ఎత్తు 6 మి.మీ. అనుకుంటే, కొంగ అందులో యాభయ్యో వంతు. అదే 200 మి.మీ. కటకంతో 4 మి.మీ. ప్రతిబింబం వస్తుంది. పెద్ద కెమేరాలో పలక ఎత్తు 24 మి.మీ., అంటే కొంగ ఆరో వంతు ఆక్రమిస్తుంది. ఫోను తెరను రెండు వేళ్ళతో సాగదీస్తే పక్షి పెద్దదవుతుంది కదా అంటారేమో. వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దంతో చూడండి. చుక్కలు పెద్దవవుతాయే గాని కొత్త వివరం ఒక్కటీ రాదు. (కొన్ని ఖరీదైన ఫోన్లలో టెలిఫొటో కటకాన్ని విడిగా అమరుస్తున్నారు. పట్టకంతో కాంతిని లంబకోణంలో మలిచి, కటకాన్ని ఫోను లోపల పడుకోబెడతారు. పెరిస్కోపు సూత్రమే!)

అయితే నాభ్యంతరం పెంచుకుంటూ పోతే ఒక చిక్కుంది. 400 మి.మీ. నాభ్యంతరం గల ఒకే కుంభాకార కటకం వాడితే గొట్టం 40 సెం.మీ. పొడుగుండాలి. ఈ చిక్కును విప్పడమే టెలిఫొటో కటకం గొప్పతనం. 1891లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథే, స్టయిన్‌హైల్ ఎవరికివారుగా దీనికి దారి కనిపెట్టారు. ముందు ఒక కుంభాకార కటకం, దాని వెనుక ఒక పుటాకార కటకం. అంతే!

మీ బడి ప్రయోగశాలలో చేయండి

20 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకం, 10 సెం.మీ. నాభ్యంతరం గల పుటాకార కటకం, వాటి పీఠాలు, ఒక తెల్ల కాగితం చాలు. వరండాలో నీడపట్టున నిలబడి, దూరంగా ఎండలో ఉన్న కొబ్బరిచెట్టు వైపు మొదటి కటకాన్ని తిప్పండి. దాని వెనుక 20 సెం.మీ. దూరంలో కాగితం మీద చెట్టు తలక్రిందులుగా కనిపిస్తుంది. చెట్టు 12 మీటర్ల ఎత్తుండి 120 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం 2 సెం.మీ. ఉంటుంది. (సూర్యుని వైపు మాత్రం కటకాన్ని తిప్పకండి. దానిలోంచి సూర్యుణ్ణి అసలే చూడకండి.)

ఇప్పుడు కుంభాకార కటకానికి 15 సెం.మీ. వెనుక పుటాకార కటకాన్ని నిలపండి. 5 సెం.మీ. ముందు కలవవలసిన కిరణాలను అది కాస్త విడదీస్తుంది. కటక సూత్రంతో లెక్క కట్టి చూడండి. కిరణాలు ఇప్పుడు 10 సెం.మీ. తర్వాత కలుస్తాయి. కాగితాన్ని అక్కడికి జరపండి. ప్రతిబింబం 4 సెం.మీ. అయింది! అంటే ఈ జంట 40 సెం.మీ. కటకంలా పనిచేస్తోంది. కాని ముందు కటకం నుంచి కాగితం దాకా పొడవు 25 సెం.మీ. మాత్రమే. కెనాన్ సంస్థవారి ఒక 400 మి.మీ. కటకం గొట్టం 26 సెం.మీ. లోపే ఉండటానికి కారణం ఇదే.

ఇంకా ఆగండి. పుటాకార కటకాన్ని ఒక్క సెంటీమీటరు ముందుకు, అంటే 14 సెం.మీ. వద్దకు జరపండి. నాభ్యంతరం 50 సెం.మీ. అవుతుంది, చెట్టు మరింత పెద్దదవుతుంది. 16 వద్దకు జరిపితే నాభ్యంతరం సుమారు 33 సెం.మీ.కు తగ్గుతుంది. మీ చేతిలో జూమ్ కటకం తయారయింది! కాని జరిపిన ప్రతిసారీ కాగితాన్ని కూడా జరపవలసి వచ్చింది కదా? కెమేరాలో పలక కదలదు. అందుకని అసలైన జూమ్‌లో మరో కటకాల జట్టును కూడా లెక్క ప్రకారం కదుపుతారు. గొట్టం లోపల వంకర గాళ్ళు తొలిచి ఉంటాయి. పైనున్న రబ్బరు వలయాన్ని తిప్పితే జట్లు ఆ గాళ్ళ వెంట ఒకటి ఇటు, ఒకటి అటు జరిగి, ప్రతిబింబం ఉన్నచోటే నిలుస్తుంది. 35 మి.మీ. ఫిల్ము కెమేరాకు తొలి జూమ్ కటకం 1959లో వచ్చిన ఫాయిగ్ట్‌లాండర్ సంస్థవారి జూమర్. కదిలే జట్లకు చోటు కావాలి కనుక జూమ్‌లో ఇందాకటి పొడవు పొదుపు చాలావరకు ఖర్చయిపోతుంది. గట్టు మీద మేము చూసిన 70-200 మి.మీ. కటకం గొట్టం 20 సెం.మీ. ఉంది. దానితో 34 డిగ్రీల వెడల్పు దృశ్యం నుంచి 12 డిగ్రీల దృశ్యం దాకా, లేచి నడవకుండానే, వెళ్ళవచ్చు.

ఇరవై మూడు గాజులెందుకు?

2010లో వచ్చిన కెనాన్ 70-200 మి.మీ. కటకంలో మొత్తం 23 కటకాలు, 19 జట్లుగా ఉన్నాయి. బరువు 1,490 గ్రాములు. రెండు కటకాలతో మనం పని కానిచ్చాం కదా, ఇన్నెందుకు?

మీ కాగితం మీది కొబ్బరిచెట్టును మళ్ళీ చూడండి. ఆకుల అంచున ఊదా, ఎరుపు రంగులు కనిపించాయా? ఊదా కాంతి గాజులో ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ వంగుతుంది. రెండూ ఒకేచోట కలవవు. నాభ్యంతరం పెరిగేకొద్దీ ఈ వర్ణదోషం కూడా పెద్దదవుతుంది. నల్లటి కొమ్మల ముందు తెల్లటి రెక్క ఉంటే ఆ అంచు ఇట్టే బయటపడుతుంది. రంగులను తక్కువగా విడదీసే ప్రత్యేకమైన గాజుతోను, కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంతోను దీన్ని సవరిస్తారు. కెమేరా కటకాలలో ఈ స్ఫటికాన్ని కెనాన్ సంస్థ 1969లో ప్రవేశపెట్టింది. అయితే ఇది వేడికి గాజు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. మేడ మీద సున్నం ఎందుకు వేస్తారో మీకు తెలుసు. ఆ గొట్టానికి తెల్లరంగు కూడా అందుకే. దర్పం కోసమని కొందరు అనుకుంటారు!

ఇన్ని గాజులు చేర్చితే మరో ముప్పు. పూత లేని ప్రతి గాజు ఉపరితలం, పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపేస్తుంది. 19 జట్లంటే గాలిని తాకే ఉపరితలాలు 38. 0.96ను 38 సార్లు గుణించి చూడండి. వందలో ఇరవై ఒక్క పాళ్ళ కాంతి మాత్రమే కెమేరాకు చేరుతుంది! 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో స్మకులా ఒక ఉపాయం కనిపెట్టాడు. కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందం గల పలుచని పూత పూస్తే, పూత పైన, అడుగున పరావర్తనమయ్యే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పొరలు పొరలుగా పూసి నష్టాన్ని ఉపరితలానికి అర శాతానికి తగ్గించినా, 83 పాళ్ళ కాంతి దక్కుతుంది. కటకాన్ని వాలుగా చూస్తే కనిపించే ఆకుపచ్చ, ఊదా మెరుపు ఈ పూతదే.

కాంతి కోసం ఇంత పాకులాట ఎందుకంటే, రెక్క ఆగదు గనుక. ఎగిరే రెక్క చెదరకుండా రావాలంటే 1/1000 సెకను, కొన్నిసార్లు అంతకంటె తక్కువ కాలంలో ఫొటో తీయాలి. అంత కొద్దిసేపట్లో చాలినంత కాంతి రావాలంటే ద్వారం పెద్దదిగా ఉండాలి. ఎఫ్/2.8 అని కటకం మీద రాసి ఉంటుంది. నాభ్యంతరాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే కాంతిద్వారం వ్యాసం వస్తుంది. 200ను 2.8తో భాగిస్తే 71 మి.మీ. ఇది ఎఫ్/5.6 కటకం కన్నా నాలుగు రెట్లు కాంతిని తెస్తుంది. బరువుకూ, లక్ష రూపాయలు దాటే ధరకూ సగం కారణం ఆ వ్యాసమే.

చేతి వణుకు సంగతి వేరు. 200 మి.మీ. కటకాన్ని చేత్తో పట్టుకుంటే 1/200 సెకను కన్నా ఎక్కువసేపు తీయరాదని ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. 1995 నుంచి కటకం లోపలే వణుకును గుర్తించే పరికరాలు పెట్టి, ఒక చిన్న జట్టును ఎదురు దిశలో కదుపుతున్నారు. పైన చెప్పిన కటకంలో ఇది ఆ హద్దును నాలుగుసార్లు సగం చేస్తుందని తయారీదారుల మాట. అంటే 1/12 సెకను దాకా. కొమ్మ మీద నిద్రపోయే కొంగకు ఇది పనికొస్తుంది గాని, ఎగిరేదానికి కాదు. వణుకు మన చేతిదైతే ఆపగలదు, రెక్క కదలికను ఎలా ఆపుతుంది?

ఈ కటకం చేతగాని పని ఇంకొకటి ఉంది. కోతలయ్యాక మన పొలాల మీద మిట్టమధ్యాహ్నం గాలి అలలు అలలుగా కదలడం చూసే ఉంటారు. ఎంత మంచి గాజైనా ఆ గాలిలోంచే చూడాలి. కటకం ఎంత పొడుగైతే ఆ చెదురు అంత పెద్దగా కనిపిస్తుంది. గట్టు మీది పెద్దమనిషి అందుకే తెల్లవారకముందే వచ్చి కూర్చున్నాడట. పదిన్నరకల్లా సామాను సర్దేశాడు. వెళ్ళేముందు మా పిల్లలకు ఒక లెక్క ఇచ్చాడు. అదే మీకూ ఇస్తున్నాను. ఆయన 200 మి.మీ. కటకంతో 50 మీటర్ల నుంచి తీసినంత పెద్ద కొంగను, 400 మి.మీ. కటకంతో ఎంత దూరం నుంచి తీయవచ్చు?