తుపాను తీరం దాటాక కొండల మీద ఏం జరుగుతుంది?

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి నగరంలో చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. తెలుగువారి జ్ఞాపకంలో ఆ తుపాను కథ దాదాపు అక్కడితో ముగుస్తుంది.

నిజానికి అది ముగియలేదు. వాయవ్యంగా కదులుతూ ఛత్తీస్‌గఢ్‌లోకి ప్రవేశించి, 13వ తేదీ ఉదయానికి తీవ్ర వాయుగుండంగా, సాయంత్రానికి వాయుగుండంగా బలహీనపడింది. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి, 14వ తేదీ సాయంత్రానికి తూర్పు ఉత్తరప్రదేశ్ మీద అల్పపీడనంగా మారింది. అది మోసుకెళ్లిన తేమ హిమాలయాలను తాకగానే మంచు తుపానైంది. 14వ తేదీన నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచు తుపానుకు, హిమపాతాలకు కనీసం 43 మంది చనిపోయారు. వారిలో విదేశీ ట్రెక్కర్లు ఉన్నారు, స్థానిక గైడ్లూ పోర్టర్లూ ఉన్నారు. అక్కడ ట్రెక్కింగ్‌కు ఏడాది మొత్తంలో అక్టోబరే మంచి నెలని పేరు.

విశాఖ తీరానికీ ఆ కనుమకూ మధ్య గడిచింది సుమారు 48 గంటలు. తుపాను ఎటు వెళ్తోందో వాతావరణ శాఖలకు తెలుసు. కొండదారిలో నడుస్తున్నవారికి ఆ సమాచారం సకాలంలో చేరలేదన్న విమర్శ తర్వాత గట్టిగా వచ్చింది.

హిమాలయాలకు వెళ్లనివారికి కూడా ఈ సంగతి అవసరమే. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో మనవాళ్లు కొండలెక్కుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతం తుపాన్లను పంపుతుంది.

సదర్ బజార్ నుంచి కొండ ఎంత దూరం?

హుద్‌హుద్ దారిలో పడిన రాష్ట్రంలోనే బిలాస్‌పూర్ ఉంది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం ఇది. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. కార్తీక మాసం వస్తే వనభోజనాలు, ఆదివారం వస్తే కొండ ప్రయాణాలు ఇక్కడా మామూలే. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు రైలెక్కి పెండ్రా రోడ్‌లో దిగితే మైకల్ కొండలు, నర్మద పుట్టిన అమరకంటక్ దగ్గరే. 

బయల్దేరే రోజు ఉదయం సదర్ బజార్‌లో నిలబడి ఆకాశం చూస్తే కొండ మీది సంగతి తెలియదు. బిలాస్‌పూర్ సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఎత్తులో ఉంది. అమరకంటక్ వెయ్యి మీటర్లు దాటుతుంది. గాలి ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, బజార్లో 22 డిగ్రీలుంటే పైన 17 ఉండవచ్చు. ఆ తేడా వరకైతే ఒక స్వెటర్ చాలు. అసలు చిక్కు వాన, గాలి తోడైనప్పుడు వస్తుంది.

తీరంలో తగ్గిన గాలి, కొండల్లో పెరిగే వాన

తుపానుకు బలమిచ్చేది వెచ్చని సముద్రపు నీటి ఆవిరి. నేల మీదికి రాగానే ఆ సరఫరా తెగిపోయి గాలి వేగం పడిపోతుంది. టీవీల్లో ‘బలహీనపడింది’ అన్న మాట వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ మాట గాలి వేగానికి సంబంధించింది. అప్పటికే గాలిలో ఉన్న తేమ ఇంకా అక్కడే ఉంటుంది.

ఆ తేమగాలికి కొండ అడ్డు తగిలితే పైకి లేస్తుంది, పైకి లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే వానగా కురుస్తుంది. మైదానంలో జల్లుగా ఉన్నది కొండవాలులో కుండపోత కావడానికి కారణం ఇదే. శిఖరం అంచున, కనుమల్లో గాలి ఇరుకుదారిలో దూరినట్టు వేగం పుంజుకుంటుంది. మేఘం కిందికి దిగి దారి కనపడకుండా చేస్తుంది.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ తిరుమల. శేషాద్రి మొదలు వెంకటాద్రి దాకా ఏడుకొండల మీదికి కాలినడకన వెళ్లడం తెలుగువారికి తరతరాల అలవాటు. 2021 నవంబరులో బంగాళాఖాతం వాయుగుండం తీరం దాటిన సమయంలో శేషాచలం కొండల్లో భారీ వర్షాలు పడ్డాయి. నడకదారులను మూసేయాల్సి వచ్చింది. శ్రీవారి మెట్టు మార్గం వరదకు ఎంతగా దెబ్బతిన్నదంటే, మరమ్మతులు చేసి మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. రాతిమెట్లు, పైకప్పు, కాపలా సిబ్బంది ఉన్న దారి పరిస్థితే ఇది. పాడేరు దగ్గరి వంజంగి, అరకు వైపు 1,690 మీటర్ల జింధగడ, ఒడిశాలోని దేవమాలి లాంటి కొండల మీద ఈ ఏర్పాట్లేవీ ఉండవు. మేఘాల సముద్రాన్ని చూడటానికి జనం అక్కడికి పోటెత్తేది కూడా ఈ నెలల్లోనే.

మంచు లేకపోయినా చలి చంపగలదు

‘మన కొండల్లో మంచు పడదు కదా’ అన్న ధీమా చాలామందిలో ఉంటుంది. మన ఒంటి లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అది 35 కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. దానికి మంచు అక్కర్లేదు. తడిసిన బట్టలు, ఈదురుగాలి, ఖాళీ కడుపు, అలసట కలిస్తే 10 డిగ్రీల చలిలో కూడా అది రావచ్చు.

నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 10 డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, బట్టలు పొడిగా ఉన్నా, చర్మానికి 6 డిగ్రీల చలిలా తగులుతుంది. బట్టలు తడిస్తే ఇంకా ఎక్కువ. నూలు చొక్కా, జీన్స్ ప్యాంటు నీటిని పీల్చుకుని ఒంటికి అతుక్కుంటాయి, ఓ పట్టాన ఆరవు. ఉన్ని, పాలిస్టర్ బట్టలు తడిసినా కొంత వేడిని నిలుపుతాయి. కొండ అంచున గొడుగు నిలవదు. తలను కూడా కప్పే రెయిన్‌కోటు కావాలి. 

మొదటి లక్షణం వణుకు. తర్వాత వేళ్లు సరిగా పనిచేయవు, బొత్తాలు పెట్టుకోలేరు. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. విసుగు, మొండితనం కనిపిస్తాయి. ‘నాకేం కాలేదు, నడవండి’ అని చెప్పే మనిషినే ముందుగా గమనించాలి, ఎందుకంటే చలి మొదట దెబ్బతీసేది ఆలోచననే. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే అది కోలుకోవడం కానే కాదు, ప్రాణాపాయానికి సూచన.

అలాంటప్పుడు గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి పొడివి తొడగాలి. నేల చలి తగలకుండా కింద బ్యాగులో గడ్డో పరవాలి. తల, మెడ కప్పాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి కలిపిన వేడి పానీయం, బెల్లం, చిక్కీ ఇవ్వాలి. ‘వేడి పుడుతుంది’ అని మందు తాగించడం ప్రమాదం. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

మూడు శిఖరాల లెక్క

ఒక్క కొండ ఎక్కి దిగడం వేరు, ఒకే రోజు వరసగా రెండు మూడు శిఖరాలు చుట్టి రావడం వేరు. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు.

కొండనడకకు ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. స్థూలంగా చెప్పాలంటే ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. దీన్ని మన దారికి వర్తింపజేద్దాం. మొత్తం దూరం 15 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి శిఖరానికి 450 మీటర్లు ఎక్కాలి. 200 దిగి, రెండోదానికి 250 ఎక్కాలి. మళ్లీ 200 దిగి, మూడోదానికి 200 ఎక్కాలి. కింద నుంచి చూస్తే కొండ ఎత్తు 500 మీటర్లే. కాళ్లు ఎక్కేది మాత్రం 900 మీటర్లు.

సూత్రం ప్రకారం దూరానికి 3 గంటలు, ఎక్కుడుకు గంటన్నర, మొత్తం నాలుగున్నర గంటలు. ఇది మంచి దారిలో, మంచి వాతావరణంలో, అలవాటున్నవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. బురద, జారే రాళ్లు, పిల్లలు, భోజనం, ఫొటోలు కలిస్తే అది రెట్టింపు కావడం వింతేమీ కాదు. అంటే తొమ్మిది గంటలు. నవంబరు మధ్యలో బిలాస్‌పూర్ ప్రాంతంలో సూర్యోదయం సుమారు ఆరుంబావుకు, సూర్యాస్తమయం సుమారు అయిదుంబావుకు. ఎనిమిదింటికి నడక మొదలుపెడితే అయిదింటికి కిందికి చేరతారు. మబ్బు పట్టిన రోజున అడవిలో ఆ వేళకు ముందే చీకటి పడుతుంది. ఒక్క చోట దారి తప్పినా, ఒక్కరి కాలు మెలిపడినా సర్దుకోవడానికి సమయం మిగలదు.

వరస శిఖరాలతో మరో చిక్కు ఉంది. రెండో శిఖరం దాటాక వెనక్కి వెళ్లడమూ ముందుకు వెళ్లడమూ దాదాపు ఒకే దూరం అవుతుంది. ‘ఇంతదూరం వచ్చాం కదా’ అన్న మాట అక్కడే పుడుతుంది. అందుకే వెనుదిరిగే నిర్ణయాన్ని కొండ మీదికి వదలకుండా ముందురోజే ఇంట్లో కూర్చుని తీసుకోవాలి. రెండు శిఖరాల మధ్య పల్లం వచ్చిన ప్రతిసారీ ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అనుకున్న సమయానికే ఇక్కడికి చేరామా? తర్వాతి శిఖరం కంటికి కనిపిస్తోందా? అందరి బట్టలూ పొడిగా ఉన్నాయా? రెండింటికి ‘లేదు’ అని జవాబు వస్తే అక్కడి నుంచే దిగిపోవాలి. దిగే దారి ఏదో ముందే తెలిసి ఉండాలి.

దిగేటప్పుడు వాగుల్ని మరవకూడదు. పొద్దున చెప్పులు తడవకుండా దాటిన వాగు, పైన కురిసిన వానకు సాయంత్రం మోకాలి లోతుకు చేరవచ్చు. ఆ లోతులో కూడా వేగంగా పారే నీరు మనిషిని పడగొడుతుంది. దాటడం కంటే ఇవతలి గట్టున ఎత్తైన చోట ఆగడం మేలు. ఉరుము వినిపిస్తే శిఖరాన్ని, ఒంటరి చెట్టును వెంటనే వదిలేయాలి.

అనుభవం ఉన్నా తప్పదు

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన పర్వతారోహకుడు. 2015 మార్చి 24 తర్వాత ఆయన ఆచూకీ తెలియలేదు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాల్లో ఆయన ఒంటరిగా ఎక్కుతుండగా వాతావరణం చెడిపోయింది. ఏప్రిల్ మొదట్లో మృతదేహం దొరికింది. దక్షిణార్ధగోళంలో అది శరదృతువే. అంతటి అనుభవజ్ఞుణ్నే వదలని వాతావరణం, ఆదివారం వనభోజనానికి వెళ్లినవారి మీద జాలి చూపదు.

ఇంతా చెప్పి కొండలెక్కవద్దనడం ఇక్కడి ఉద్దేశం కాదు. తుపాను నిలువుగా విరుచుకుపడే విపత్తు కాదు. రోజుల ముందే కనిపిస్తుంది, దాని దారి పటంలో గీసి ఉంటుంది. భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో, ‘మౌసమ్’ యాప్‌లో జిల్లాలవారీ హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. మన ఊరి జిల్లాను చూసి ఊరుకోకుండా, కొండ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా హెచ్చరిక చూడాలి. బిలాస్‌పూర్ నుంచి అమరకంటక్ వెళ్లేవారైతే రాష్ట్రమే మారుతుంది, అది మధ్యప్రదేశ్‌లోని అనూప్‌పూర్ జిల్లా.

ఇంటి దగ్గర ఒకరికి దారి, తిరిగొచ్చే వేళ రాసి ఇవ్వాలి. ఆ వేళ దాటి ఎంతసేపు చూశాక 112కు ఫోన్ చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే కొండ మీద సిగ్నల్ ఉంటుందన్న హామీ లేదు. బ్యాగులో రెయిన్‌కోటు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పొడి బట్టల జత, టార్చిలైటు, బెల్లం లేదా చిక్కీ ఉండాలి.

ఆంధ్ర, ఒడిశా తీరంలో తుపాను దాటిందన్న వార్త వస్తే, ఆ తర్వాతి రెండు మూడు రోజులు దాని దారిలో ఉన్న కొండలకు ప్రయాణం వాయిదా వేసుకోవాలి. పోయేది ఒక్క ఆదివారమే. కార్తీకంలో ఇంకా మూడు మిగిలే ఉంటాయి.