మీకు తెలుసా? నెలసరి లెక్క తప్పితే...

నలభై దాటాక నెలసరి ఓసారి 24 రోజులకే, మరోసారి 35కి వస్తే గుండె గుభేలుమంటుంది. గర్భమా, గడ్డా అని నిద్ర పట్టదు. వరుస నెలసరుల వ్యవధిలో 7 రోజులు, అంతకు మించిన తేడా మళ్లీ మళ్లీ కనిపిస్తే అది ముట్లుడిగే దశకు తొలి మెట్టు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన లెక్క ఇది. హార్మోన్ల ఎగుడుదిగుళ్లే దీనికి కారణం. అండం విడుదల పూర్తిగా ఆగదు కాబట్టి గర్భం వచ్చే వీలూ ఉంది. అనుమానముంటే ముందు ఆ పరీక్ష చేసుకోండి. తేదీలు గోడ క్యాలెండర్‌లో రాసుకోండి, డాక్టరుకీ పని సులువు. గంటకో ప్యాడ్ తడిసినా, నెలసరుల మధ్యలో రక్తం కనిపించినా ఆలస్యం వద్దు. గర్భసంచి తీసేద్దామని తొందరపెడితే మాత్రం (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు బాగా ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి) ఇంకో డాక్టరును కూడా అడగండి.